‘సరిదిద్దిన క్యూటీ’ అనవచ్చునా?

ప్రశ్న (కావలి నుంచి): ఈసీజీ కాగితం మీద క్యూటీ పక్కనే క్యూటీసీ (కరెక్టెడ్ క్యూటీ) అని మరొక అంకె కనిపిస్తుంది. నర్సింగ్ విద్యార్థుల కోసం రాస్తున్న పాఠంలో దానిని ‘సరిదిద్దిన క్యూటీ’ అన్నాను. ‘సవరించిన’ అనాలని ఒక మిత్రుని సూచన. ఏది సముచితం?

జవాబు (నెల్లూరు): మీ మిత్రునిదే సరైన మాట. సరిదిద్దడానికి ముందు తప్పు ఉండాలి. క్యూటీ కొలతలో తప్పేమీ లేదు. జఠరికలలో (గుండె కింది గదులలో) విద్యుత్ ప్రేరణ మొదలైనది మొదలు అవి తిరిగి తేరుకునేదాకా పట్టే కాలమది. గుండె వేగం పెరిగితే ఆ కాలం తగ్గుతుంది, వేగం తగ్గితే పెరుగుతుంది. కాబట్టి వేర్వేరు వేగాల కొలతలను పోల్చాలంటే, నిమిషానికి 60 సార్లు కొట్టుకుని ఉంటే ఎంత ఉండేదన్న లెక్కకు అన్నింటినీ తేవలసి వస్తుంది. మన జిల్లాలో ధాన్యం కొనేవారు తేమ చూసి తరుగు తీసేది కాటా తప్పు తూచిందని కాదు గదా!

‘సరిదిద్దిన’ అనడంలో ఇంకొక చిక్కు ఉంది: వచ్చిన అంకే తిరుగులేనిదన్న భ్రమ కలుగుతుంది. మామూలు వేగంతో, అంటే సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున నడిచే కాగితం మీద చిన్న గడి 40 మిల్లీసెకన్లు. క్యూటీ 9 గడులు, ఒక ఆర్ (ప్రతి స్పందనకూ గీతలో నిటారుగా లేచే మొన) నుంచి తరువాతి ఆర్ వరకు 15 గడులు ఉన్నాయనుకుందాం: క్యూటీ 360 మిల్లీసెకన్లు, గుండె వేగం నిమిషానికి 100. ఆ ఆర్-ఆర్ వ్యవధిని సెకన్లలో (0.6) తీసుకుని, దాని వర్గమూలంతో భాగించే బాజెట్ సూత్రం ప్రకారం 465 వస్తుంది, ఘనమూలంతో భాగించే ఫ్రెడరీషియా సూత్రం ప్రకారం 427 మాత్రమే. రెండూ 1920 నాటివే. సాధారణంగా పురుషులకు 450, స్త్రీలకు 460 హద్దుగా చెబుతారు గనుక ఒకే కాగితం ఒక లెక్కలో హద్దు దాటింది, మరొక లెక్కలో దాటలేదు. వేగం ఎక్కువైనప్పుడు బాజెట్ అంకెను ఉన్నదానికంటే పెంచి చూపుతుంది, తక్కువైనప్పుడు తగ్గించి చూపుతుంది. యంత్రాలలో ఎక్కువగా కనిపించేది మాత్రం అదే. అందుచేత ‘సవరించిన క్యూటీ (బాజెట్)’ అని సూత్రం పేరుతో సహా రాయండి.

మరొక సభ్యుడు (ఒంగోలు): ఆసుపత్రిలో అందరూ క్యూటీసీ అనే అంటారు. తెలుగు మాటను మొదటిసారి వివరణగా ఇచ్చి, ఆపైన క్యూటీసీ అనే వాడితే విద్యార్థులు తికమకపడరు.

ప్రశ్న (కావలి): సరిగ్గా 60 ఉంటే సవరణ అక్కరలేదా?

జవాబు (నెల్లూరు): అక్కరలేదు. ఆర్-ఆర్ ఒక సెకను. 1కి ఏ మూలం తీసినా 1 గనుక రెండు అంకెలూ ఒకటే. లయ తప్పిన గుండెలో మాత్రం ఒక్క స్పందనను నమ్మక, కొన్నింటిని కొలిచి సగటు తీయాలని ఆ పాఠంలోనే చేర్చండి.