జాతి వివక్ష కథను పిల్లలు మొదట ఎవరి కళ్లతో చదవాలి?

చర్చ ప్రారంభించిన తల్లి:

మేం అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. బడిలో హార్పర్ లీ 1960లో వెలువరించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ చదివించారు. 1930లలో అలబామాలో, చేయని నేరానికి దోషిగా తేలిన టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి మనిషి కథ అది. చదవడం పూర్తయిన రోజు మా అమ్మాయి అడిగింది: “అమ్మా, టామ్ చనిపోయిన రాత్రి వాళ్లింట్లో ఏం జరిగింది?”

నేను పుస్తకం మళ్లీ తిరగేశాను. ఆ రాత్రి ఎక్కడా లేదు. టామ్ పదిహేడు తూటాలకు బలయ్యాడన్న సంగతి టామ్ తరఫున వాదించిన తెల్లజాతి లాయరు అట్టికస్ ఇంటికి వచ్చి చెబితేనే మనకు తెలుస్తుంది. ఆ కబురు విని టామ్ భార్య హెలెన్ కుప్పకూలడం కూడా ఒక తెల్లజాతి కుర్రవాడు చూసివచ్చి చెప్పిందే. కథ చెప్పేది లాయరు కూతురు కదా, ఆమె గడప దాటి చూపించలేదు.

తరగతిలో ఒక్క పుస్తకానికే సమయం ఉంటే, అన్యాయానికి గురైన పిల్లలే చెప్పే కథ ముందు చదివించాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

ఒక ఉపాధ్యాయురాలు:

నేను ఒప్పుకోను. ఆ తరగతిలో తెల్లజాతి పిల్లలూ ఉంటారు. పక్షపాతం ఎక్కడో దుర్మార్గుల దగ్గర ఉంటుందనుకునే పిల్లలకు ఆ నవల చేసే మేలు చాలా ఉంది. జైలు ముందు టామ్‌ను చంపడానికి వచ్చిన గుంపులో కన్నింగ్‌హామ్ అనే రైతు ఉంటాడు. లాయరు కూతురు అతన్ని గుర్తుపట్టి, బడిలో తనతో చదువుకునే అతని కొడుకు క్షేమం అడుగుతుంది. తెలిసిన మనిషి, సహాధ్యాయి తండ్రి, ఉరితాడు వెనక నిలబడ్డాడు! ఈ దృశ్యం దగ్గర నా తరగతి ప్రతి ఏడూ నిశ్శబ్దమైపోతుంది. బాధితుల వైపు నుంచి చెబితే ఈ కోణం ఇంత దగ్గరగా కనబడదు.

ఒక తండ్రి:

మీ ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, కానీ నా బాధ వేరు. మావాడి తరగతిలో ఈ నవలను గట్టిగా చదివించారు. నల్లవారిని కించపరిచే ఆ పదం వచ్చిన ప్రతిసారీ అందరూ తలతిప్పి తరగతిలోని ఒకే ఒక్క నల్లజాతి అబ్బాయి వైపు చూశారట. వాడు ఆ వారం పుస్తకంలోంచి తల ఎత్తలేదని మావాడు చెప్పాడు. 2011లో మార్క్ ట్వెయిన్ పాత నవల ‘హకల్‌బెరీ ఫిన్’లో ఆ పదం తీసేసి ‘బానిస’ అని పెట్టి ఒక ముద్రణ తెచ్చారు. మొదట నాకు నచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆ మాట పలికినవాళ్ల పాపాన్నే చెరిపేసినట్టు అనిపించింది. పదం ఉండాలి, కానీ దాన్ని పైకి చదవకూడదు.

చర్చ ప్రారంభించిన తల్లి:

పైకి చదవకూడదన్న మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఇది నాకు తట్టలేదు.

టీచరు గారూ, మీరు చెప్పిన దృశ్యం గొప్పది, కాదనను. కానీ మిల్‌డ్రెడ్ టేలర్ 1976లో రాసిన ‘రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై’లో ఒక ఘట్టం చూడండి. 1933, మిసిసిపీ. నల్లజాతి పిల్లల బడికి పాత పుస్తకాలు వస్తాయి. ఒకటో తరగతి పిల్లవాడు, ఒంటిమీద దుమ్ము పడితే సహించనివాడు, తనకిచ్చిన మురికి పుస్తకం అట్ట తెరుస్తాడు. లోపల ఒక పట్టిక. పుస్తకం ఎప్పుడు, ఏ స్థితిలో, ఏ జాతి విద్యార్థికి ఇచ్చారో వరసగా రాసి ఉంటుంది. కొత్తగా ఉన్నప్పటి నుంచి ఏళ్ల తరబడి తెల్లజాతి పిల్లలకే. పన్నెండో వరసలో, స్థితి ‘మరీ అధ్వానం’ అయ్యాక, తన జాతి పేరు. అదీ కించపరిచే మాటతోనే. వాడు పుస్తకాన్ని నేలకేసి కొట్టి తొక్కుతాడు. దెబ్బలు వాడికి పడతాయి, కొట్టేది కూడా నల్లజాతి టీచరే. అదే బడిలో పాఠాలు చెప్పే ఆ పిల్లవాడి అమ్మ ఆ పట్టికల మీద కాగితం అంటిస్తుంది.

గుంపు లేదు, తుపాకీ లేదు. కార్యాలయంలో ఎవరో గీసిన గళ్లు మాత్రమే. ఇది చదివిన తెల్లజాతి పిల్లవాడు కూడా తన పాఠ్యపుస్తకం అట్ట తెరిచి చూసుకోడా?

ఉపాధ్యాయురాలు:

చూసుకుంటాడు. ఆ పట్టికను వచ్చే ఏడు బోర్డు మీద గీస్తాను, రెండు నవలల్లోంచీ భాగాలు చదివిస్తాను. అయినా మాకింగ్‌బర్డ్‌ను రెండో స్థానానికి నెట్టడానికి నాకు మనసొప్పడం లేదు.

చర్చ ప్రారంభించిన తల్లి:

మా అమ్మాయి ఇప్పుడు టేలర్ పుస్తకం నాలుగో అధ్యాయంలో ఉంది. పూర్తయ్యాక తను ఏమందో ఇక్కడ రాస్తాను.