లెక్కల డిగ్రీ ఒక్కటే చాలుతుందా, పక్కన ఇంకోటి ఉండాల్సిందేనా?

సున్నా:
మ్యాథ్స్ డిగ్రీ, చివరి ఏడాది. చుట్టాలందరిదీ ఒకటే మాట, "అయితే టీచర్ అవుతావన్నమాట". నెట్‌లో వెతికితే యాక్చువరీ (ఇన్సూరెన్స్ రిస్క్ లెక్కలు కట్టేవాళ్ళు), క్వాంట్ (మార్కెట్ పెట్టుబడులకి లెక్కల మోడళ్ళు రాసేవాళ్ళు), డేటా సైన్స్, క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లో దాచే విద్య) అంటూ చాంతాడంత జాబితా, అది చూస్తే ఇంకా టెన్షన్. ఇవి నిజంగా మనకిస్తారా, సీట్లు నింపుకోడానికి చెప్పే కబుర్లా?

వర్గమూలం:
కబుర్లు కావు. లెక్కలు చదివినవాడికి ఆలోచించడం వస్తుంది, మిగతాది ఆర్నెల్లలో పట్టేయొచ్చు. జిమ్ సైమన్స్ జ్యామితిలో పరిశోధన చేసి, నలభయ్యో ఏట ఫైనాన్స్‌లోకి దూకి, 1982లో రెనసాన్స్ టెక్నాలజీస్ అనే పెట్టుబడుల కంపెనీ పెట్టాడు. పనిలోకి ఎక్కువగా తీసుకున్నది కూడా లెక్కలు, ఫిజిక్స్ వాళ్ళనే.

శేషం:
సైమన్స్ పేరు ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా :) లాటరీ తగిలినవాణ్ణి చూపించి టికెట్ కొనమన్నట్టుంది. ఆయన పీహెచ్‌డీ, పైగా ప్రొఫెసర్. ఇక్కడ అడుగుతున్నది డిగ్రీ గురించి.
"ఆలోచించడం వస్తుంది" అనేది నేనూ నమ్మాను. మొదటి ఉద్యోగం ఇన్సూరెన్స్‌లో, మూడో రోజే పాలసీదార్ల ఫైలు చేతికిచ్చి వయసులవారీగా మరణాల రేటు తీయమన్నారు. నేను పేపరు మీద మోడల్ రాసుకుంటూ కూర్చున్నా. పక్క సీటు మేడమ్, కామర్స్ చదివినావిడ, ఫైలు కిందికి జరుపుతూ టక్కున ఆగి "ఇదేంటండీ, ఇంతమంది జనవరి 1నే పుట్టారా?" అన్నారు. తేదీ తెలియని చోటల్లా ఎవరో 01-01 కొట్టేశారు! నేను ఆ వరుసలు అప్పటికి రెండుసార్లు చూశాను.

అనంతం:
శేషం గారూ, కథ బాగుంది గానీ సగమే చెప్పారు. తేదీలు సరిచేశాక ఏం చేశారు? తొంభై దాటినవాళ్ళు గుప్పెడుమంది ఉంటారు, ఒక్కరు ఎక్కువ పోయినా రేటు ఎగిరిపడుతుంది, దాన్ని నున్నగా చేయడానికి లెక్కలే కావాలి కదా. ఈ పని కొత్తదీ కాదు, తోకచుక్క హాలీ 1693లోనే బ్రెస్లౌ అనే ఊరి జనన మరణాల లెక్కలు తీసుకుని, ఏ వయసుకి ఎంతమంది మిగులుతారో చూపే జీవిత పట్టిక వేశాడు.
సున్నా, ఆ జాబితాలో అన్నీ ఒక బరువువి కావు. యాక్చువరీ అంటే ఏళ్ళ తరబడి పరీక్షలు, కానీ మొదటి పేపర్లు ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, వడ్డీ లెక్కలు, అవి నీకు సగం వచ్చినట్టే. ఉద్యోగం చేస్తూనే రాసేవాళ్ళు చాలామంది. క్రిప్టోగ్రఫీ వినడానికి గొప్పగా ఉంటుంది, 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ అనే సంకేత పద్ధతి వెనక ఉన్నది ఆయిలర్ సిద్ధాంతమే, అయితే కొత్త పద్ధతులు కనిపెట్టే ఉద్యోగాలు కొద్ది, అవీ పరిశోధన చేసినవాళ్ళకే పోతాయి. మిగతాదంతా కోడ్ తప్పుల్లేకుండా రాయడమే. ఎవరూ చెప్పనిది ఆపరేషన్స్ రీసెర్చ్, అంటే ఉన్న వనరుల్ని లెక్కలతో మేలుగా సర్దడం: విమాన సిబ్బంది డ్యూటీలు, లారీల దారులు, గోడౌన్లో సరుకు. 1947లో గణితవేత్త డాంట్జిగ్ కనిపెట్టిన సింప్లెక్స్ పద్ధతి ఇప్పటికీ అక్కడ అన్నం పెడుతోంది.
అన్నట్టు, టీచింగ్‌ని చులకన చేయకండి. ఇష్టం లేకుండా చేస్తేనే కష్టం.

వర్గమూలం:
మరి నేనన్నదీ అదే, పునాది లెక్కలదే.

శేషం:
పునాది మీద ఎవరూ కాపురం ఉండరు బ్రో.

సున్నా:
నాకు కోడింగ్ రాదు. స్టాటిస్టిక్స్ ఒక్క పేపరే చదివాను. ఏడాదే ఉంది, ఏం చేయమంటారు?

శేషం:
సర్టిఫికెట్ల వెంట పడకు. పైథాన్, కాస్త ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి వివరాలు తీసే భాష) పట్టుకుని ఒక్క పని మొదట్నుంచి చివరిదాకా చెయ్యి. పరీక్షల టైమ్‌టేబుల్ వేసి చూడు: ప్రతి సబ్జెక్టూ ఒక బిందువు, ఒకే విద్యార్థి రెండూ రాయాలంటే వాటి మధ్య గీత, రంగంటే పరీక్ష పూట, గీత ఉన్నవాటికి ఒకే రంగు పడకూడదు. గ్రాఫ్ కలరింగ్ చదివే ఉంటావు. రాసేటప్పుడే తెలుస్తుంది, అసలు తలనొప్పి సిద్ధాంతం కాదు, ఒకే పేరు మూడు రకాలుగా రాసిన విద్యార్థుల జాబితా. ఇంటర్వ్యూలో ఆ తలనొప్పి గురించే చెప్పు.

సున్నా:
మాకు ఈసారి రెండు పేపర్లు ఒకే పూట పడ్డాయి, ఇంకా సరిచేయలేదు. రేపు వెళ్ళి ఆ జాబితా అడుగుతా.