బెంచీ మీద అట్ట అడ్డుతెర: పడిపోకుండా నిలబడాలంటే?

గుంటూరు_సెక్షన్_బి: నమస్కారమండి. పరీక్ష రాసేటప్పుడు పిల్లల చూపు పక్కకి పోకుండా 32 అడ్డుతెరలు చేయాలి. బెంచీకి ఇద్దరు, ఒక్కొక్కరికి 55 సెం.మీ. చోటు. పాత కార్టన్‌తో చేసిన నమూనా ఫ్యాన్ వేయగానే పడిపోతోంది, మడతేమో వంకరగా విరుగుతోంది. తప్పెక్కడ?

కత్తీ_స్కేలూ: అట్ట లోపలి గాడులు నిలువుగా రావాలండి. అడ్డంగా ఉంటే తెర నడుము దగ్గర వంగుతుంది. కానీ నిలువు గాడుల అట్టని మడిస్తే మడత మీ గీత వదిలేసి పక్క గాడిలోకి జారుతుంది. మీ వంకర అదే. కనక మడవద్దు. మూడు ముక్కలు కోసి టేపుతో కలపండి: మధ్యది 50 సెం.మీ., రెక్కలు 30 చొప్పున, ఎత్తు 38. ఐదు పొరల అట్ట అయితే మేలు, మందం 5 మి.మీ. దాకా ఉంటుంది.

రెండంగుళాల గుడ్డ టేపు లోపలివైపు వేయండి. మొదటి రెక్కని అంచుకి అంచు ఆనించండి. రెండో రెక్క దగ్గర మాత్రం అట్ట మందమంత సందు వదలాలి, మూసినప్పుడు అది మొదటి రెక్క మీదకెక్కాలి కదా. సందు లేకపోతే మూసిన ప్రతిసారీ టేపు లాగేసుకుని ఊడుతుంది. తెరకి రెండు అతుకులు కనక టేపు 76 సెం.మీ., అన్నిటికీ సుమారు 25 మీటర్లు. బ్రౌన్ టేపు వద్దు, మన ఎండలకి జిగురు జారుతుంది.

ఫ్యాన్ సంగతి: పక్కపక్క తెరల రెక్కలు ఆనించి పైన 32 మి.మీ. బైండర్ క్లిప్ పెట్టండి. ఒకదానికొకటి ఆసరా.

బెజవాడ_క్రాఫ్ట్: లోపల తెల్లకాగితం అంటిస్తే వెలుతురు బాగుంటుంది. ఒకవైపే అంటిస్తే మాత్రం ఆరేటప్పుడు కాగితం బిగుసుకుని అట్ట దోనెలా వంగుతుంది. వెనకా అంటించండి. ఫెవికాల్‌లో నీళ్ళు ఎక్కువైనా అట్ట నానుతుంది. మా బెజవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో ఖాళీ కార్టన్లు అడగండి. కారప్పొడివి మాత్రం వద్దు, పిల్లలు కళ్ళు నులుముకుంటూ కూర్చుంటారు!

గుంటూరు_సెక్షన్_బి: ఎత్తు 45 చేయొచ్చా?

కత్తీ_స్కేలూ: వద్దండి, పుస్తకం మీద నీడ పడుతుంది, మీకు పిల్లల చేతులు కనబడవు. 38 ఉంచి, రెక్కల ముందు పై మూల 12 సెం.మీ. ఏటవాలుగా కోసేయండి. అల్లరి పిల్లాడి ముందు ఒక్కటే పెడితే శిక్షలా ఉంటుంది, పెడితే అందరికీ పెట్టండి. బోర్డు మీద పాఠం మొదలైతే తీసేయాలి. గోల మాత్రం దీంతో ఆగదు.