కోస్తాలో తొలి హైస్కూళ్లు ఎవరి పుణ్యం? మిషనరీలదా, సర్కారుదా, మనవాళ్లదా?

బందరు లడ్డు:
ఒక వాట్సాప్ గ్రూపులో దీని మీద తెగ కొట్టుకుంటున్నాం, ఇక్కడైతే చదివినవాళ్లు ఉంటారని తెచ్చి పడేస్తున్నా. ఒకాయన ఏమంటాడంటే, 1843లో నోబుల్ దొర బందర్లో ఇంగ్లీషు బడి పెట్టకపోతే మన కోస్తాకి హైస్కూలు చదువే లేదు, కులం చూడకుండా అందరికీ చదువు చెప్పింది మిషనరీలే అని. ఇంకొకాయన దానికి పూర్తి ఎదురు. మద్రాసు ప్రెసిడెన్సీలో అంతకుముందే 12,498 బడులున్నాయి, తెల్లవాళ్లు వాటిని ఎండగట్టి కొత్తవి పెట్టి గొప్పలు చెప్పుకున్నారు అంటాడు. ఇద్దరూ సగం సగమే చెప్తున్నారని నా అనుమానం.

సీమ పంతులు:
ఆ 12,498 గాలి లెక్కేమీ కాదండీ. 1822లో గవర్నరు మన్రో కలెక్టర్లందరినీ అడిగి తెప్పించిన లెక్క, 1826కి తేలింది. 1,88,650 మంది పిల్లలు. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన రిపోర్టు చూడండి, అప్పట్లో అనంతపురం వైపు ఊళ్లు కూడా ఆ జిల్లాలోవే. 533 బడులు, అందులో కన్నడం 235, తెలుగు 226. బడి ఎలా నడిచేదో కూడా రాశాడు. పొద్దున అందరికన్నా ముందొచ్చిన పిల్లాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు, రెండోవాడికి సున్నా, మూడోవాడికి మెల్లిగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వెనకబడే కొద్దీ పెరుగుతూ పోతాయి. చేతిపనులు దెబ్బతిని జనం బీదవాళ్లయిపోయారు, పిల్లల్ని బడికి పంపే స్తోమత తగ్గింది అని ఆ కలెక్టరే ఒప్పుకున్నాడు. ఇది మర్చిపోయి మిషనరీ భజన ఎందుకు?

పాతకాగితం:
పంతులు గారూ, ఆ లెక్కని నేనూ కాదనను. కానీ అవి వీధి బడులు. ఓనమాలు, ఎక్కాలు, శతకాలు, ఉత్తరం రాయడం, అంతవరకే. పైచదువు కావాలంటే ఏ శాస్త్రి గారి ఇంట్లోనో సంస్కృతం, ఏ మున్షీ దగ్గరో పారసీ. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది హైస్కూలు గురించి, దాని పుట్టుక వేరు. ఇంకో సంగతి, ఆ లెక్కల్లోనే తమిళ జిల్లాల బడుల్లో శూద్ర పిల్లలు ఎక్కువ కనిపిస్తారు, మన తెలుగు జిల్లాలకి వచ్చేసరికి బ్రాహ్మణ పిల్లల వాటా బాగా పెరుగుతుంది. కాబట్టి పాత బడి అందరిదీ అనేస్తే కుదరదు.

మన్రో పెద్ద ప్లానే వేశాడు, ప్రతి కలెక్టరేటుకీ పెద్ద బడులు, ప్రతి తాలూకాకీ ఒక తహసీల్దారీ బడి. 1827లో ఆయన పత్తికొండలో కలరాతో పోయాడు, తర్వాత పట్టించుకున్న నాథుడు లేక 1836లో ఆ బడుల్ని ఎత్తేశారు. 1841లో మద్రాసులో పవెల్ హెడ్‌మాస్టరుగా సర్కారు హైస్కూలు పెట్టారు, కానీ మద్రాసులో ఉన్నది బందరు కుర్రాడికి ఏం ఒరగబెడుతుంది? ఇక 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్, ఇంగ్లీషు చదివినవాళ్లకే ఉద్యోగాల్లో ముందు చోటు అని తీర్మానం చేశాడు. నన్నడిగితే హైస్కూలుకి అసలు తండ్రి ఆ తీర్మానమే. అంతకుముందు ఇంగ్లీషు చదువు ఉంటే మంచిది అనుకునేవారు, ఆ తర్వాత కచేరీలో గుమాస్తా పని కావాలంటే అది లేకపోతే కుదరదు అన్న పరిస్థితి. మిషనరీల బడి అరుగెక్కినవాళ్లలో చాలామంది బైబిలు కోసం ఎక్కలేదు.

బందరు లడ్డు:
మరి నోబుల్ కులం చూడలేదన్న మాట?

పాతకాగితం:
అది పచ్చి అబద్ధం, పైగా దాచిపెట్టిన సంగతి కూడా కాదు. మాల, మాదిగ పిల్లల్ని నోబుల్ తన బడిలో చేర్చుకోలేదు. పై కులాలవాళ్లు మారితే మతం పైనుంచి కిందికి దానంతటదే దిగుతుంది, అందుకే ముందు బ్రాహ్మణ, వెలమ పిల్లల్ని పట్టాలి, ఇదీ ఆయన లెక్క. ఆ జాగ్రత్త కూడా పనిచెయ్యలేదు. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి ఊళ్లో గగ్గోలు లేచింది, తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, బడి దాదాపు ఖాళీ. ఆ ఇద్దరూ తర్వాత పాదిరీలయ్యారు. కాస్త రోజులు గడిచాక మాన్పించినవాళ్లలోనే కొందరు మళ్లీ పంపారంటే, కచేరీ ఉద్యోగానికి ఎంత గిరాకీయో చూడండి. ఆయన్ని తీసిపారెయ్యడం నా ఉద్దేశం కాదు, 1841లో వచ్చినవాడు 1865లో పోయేదాకా బందరు వదల్లేదు. ఆ ఓపిక వేరే సంగతి, కులం చూడలేదనడం వేరే సంగతి.

నీలిజెండా:
అన్నా, ఒక్క నోబుల్‌ని పట్టుకుని మిషనరీలందర్నీ ఒకే గాటన కట్టకు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ పాదిరీ హేయర్, తర్వాత ఒంగోలు బాప్టిస్టు క్లౌ, వీళ్ల దారి వేరు. 1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న ఒక్కరోజే క్లౌ మిషనులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, ఎక్కువమంది మాదిగలే. వాళ్ల పిల్లలకి పలక పట్టించింది ఎవరు? మిషన్ బోర్డింగులే కదా. సర్కారు ఏం చేసిందో చెప్పు. 1856లో ధార్వాడలో ఒక మహర్ (అక్కడి అంటరాని కులం) కుర్రాడు సర్కారు బడిలో చేర్చుకోండయ్యా అని అర్జీ పెడితే, పై కులాలవాళ్లు మానేస్తారని బొంబాయి ప్రభుత్వం చేతులెత్తేసింది. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు కులం పేరుతో ఎవర్నీ కాదనొద్దని తర్వాత ఆర్డరు పంపారు సరే, ఊళ్లో అమలు చేసిందెవరు? ఇక మనవాళ్ల సొంత బడులంటారా, మద్రాసులో 1842లో మొదలైన పచ్చయప్ప బడి హిందువుల సొమ్ముతో హిందువుల కోసం పెట్టింది, మా దళితులకి ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా చాలా ఏళ్లు తలుపు మూసే ఉంది. తలుపు తీసినవాడు ఏ ఉద్దేశంతో తీశాడన్న చర్చ లోపల కూర్చున్నవాళ్లకే సరదాగా ఉంటుంది.

సీమ పంతులు:
ఆ మద్రాసులోనే 1846లో గాజుల లక్ష్మీనరసు చెట్టి పెద్ద సభ పెట్టాడు. సర్కారు బడుల్లో బైబిలు పాఠం పెడదామని గవర్నరు ట్వీడేల్ ప్రతిపాదిస్తే దానికి వ్యతిరేకంగా. మన తెలుగు వ్యాపారే. డైరెక్టర్లు చివరికి ట్వీడేల్ మాట కొట్టేశారు. అది కూడా చెప్పండి మరి.

గోదారోడు:
అందరూ మద్రాసు, బందరు అంటూనే ఉన్నారు, నర్సాపురం ఊసే లేదు. 1850ల్లో రాజమండ్రి సబ్ కలెక్టరు టేలర్ దొర నర్సాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో ఇంగ్లీషు, తెలుగు రెండూ చెప్పే బడులు పెట్టించాడు. డబ్బు మిషనుది కాదు, సర్కారు ఖజానాది కాదు. రైతులే శిస్తుతో పాటు బడి కోసం ఇంత అని ఒప్పుకుని కట్టారు. అది చూసి చుట్టుపక్కల పల్లెలు కూడా మాకూ బడి కావాలని ముందుకొచ్చాయి. గోదావరి మీద ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టా రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడే రోజులు మొదలయ్యాయి. మరి ఈ బడుల పుణ్యం ఎవరి ఖాతాలో వేస్తారు?

పాతకాగితం:
గోదారోడు అసలు పాయింటు పట్టుకున్నాడు. 1854లో వుడ్ దొర డిస్పాచ్ (చదువు మీద లండన్ నుంచి వచ్చిన ఉత్తర్వు) వచ్చి ప్రైవేటు బడులకి సర్కారు గ్రాంట్లు మొదలయ్యాక మిషను బడి, జమీందారు బడి అన్న తేడా లేకుండా సర్కారు సొమ్ము కలుస్తూ వచ్చింది. ఆ సర్కారు సొమ్ములో పెద్ద భాగం భూమిశిస్తు. అంటే పెట్టిందెవరని బోర్డు మీద పేరు చూస్తే మిషనరీ, రాజా గారు కనిపిస్తారు, రసీదు చూస్తే రైతు కనిపిస్తాడు. విజయనగరం, పిఠాపురం రాజులు ఇచ్చిందీ ఆ పొలాల మీద వచ్చిందేగా.

నీలిజెండా:
రైతు కనిపిస్తాడు సరే, ఆ రైతు పొలంలో పాలేరు కనిపిస్తాడా రసీదులో? పెనుగొండ బడి బెంచీ మీద కనిపిస్తాడా?

పాతకాగితం:
రెండింట్లోనూ కనిపించడు. ఆ మాట నీతో నేనూ అంటా.

సీమ పంతులు:
నాకింకో అనుమానం. శిస్తుతో కలిపి వసూలు చేసేదాన్ని స్వచ్ఛందం అంటారా? సబ్ కలెక్టరు వచ్చి ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి బడికి ఇంత ఇస్తారా అంటే కాదనేవాడెవడు ఆ రోజుల్లో?

గోదారోడు:
పెద్దవాళ్లు ఒప్పుకున్నారు, చిన్న రైతుని అడిగి ఉండరు, నిజమే. అప్పట్లోనే వచ్చింది ఆ ప్రశ్న, ఏ చట్టం కింద వసూలు చేస్తున్నారని. అందుకే 1863లో మద్రాసు ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం చేసింది, ఊరివాళ్లు ఒప్పుకుంటేనే బడి పన్ను అని. దాన్ని వాడుకున్న ఊళ్లు చాలా తక్కువ. 1871లో లోకల్ ఫండ్స్ చట్టం తెచ్చి, అడిగే పని లేకుండా రోడ్లకీ బడులకీ కలిపి భూమి మీద సెస్సు వేసేశారు.

బందరు లడ్డు:
ఇదంతా ఆ గ్రూపులో పెట్టా. నోబుల్ ఆయన సైలెంట్. 12,498 ఆయన మాత్రం సరస్వతి పేరు రాసే పేరా ఒక్కటీ కోసి స్టేటస్ పెట్టుకున్నాడు, జనం బీదవాళ్లయ్యారన్న పేరా వదిలేశాడు, ఆయన వాదనకి పనికొచ్చేది అదే అయినా.