డబ్బిచ్చి మలేరియా ఎక్కించడం: ఒప్పా, తప్పా?

పిచ్చుకగూడు:
మలేరియా టీకా పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కావాలనే మలేరియా ఎక్కిస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో, అమెరికాలోని వాల్టర్ రీడ్ సంస్థలో ఏళ్లుగా జరుగుతున్నదే. కెన్యాలోని కిలిఫిలోనూ ఇలాగే ఎక్కించారు (అక్కడ చూసింది టీకాను కాదు, స్థానికులకు సహజంగా ఉండే నిరోధకతను). వాలంటీర్లకిచ్చిన డబ్బు మీద 2018లో పత్రికల్లో గొడవైంది. పేదవాడికి డబ్బు చూపించి జ్వరం తెప్పించడం నాకు మింగుడుపడటం లేదు. మీరేమంటారు?

ల్యాబ్‌కోటు:
ముందు అసలు జరిగేదేంటో చెప్తాను. మలేరియా పరాన్నజీవి ఎక్కించి ల్యాబ్‌లో పెంచిన దోమలతో, మామూలుగా ఐదింటితో, చేతి మీద కుట్టిస్తారు. పరాన్నజీవి ముందు కాలేయంలో చేరుతుంది, వారం దాకా రక్తంలోకి రాదు. ఆ తర్వాత తరచూ రక్తపరీక్షలు, కనిపించగానే మందు. మందుకు లొంగే రకాన్నే ఎంచుకుంటారు. చలి, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఉంటాయి, తేలిగ్గా తీసిపారేసే బాధేం కాదు. 1997లో ఆర్‌టీఎస్,ఎస్ అనే మలేరియా టీకాలో ఒక రకం వేసుకున్న ఏడుగురిలో ఆరుగురికి ఇలా కుట్టించినా మలేరియా రాలేదు. తర్వాత అదే టీకాతో ఏడు ఆఫ్రికా దేశాల్లో 15 వేల మందికి పైగా పిల్లల మీద పెద్ద ట్రయల్ జరిగింది. పనికిరాని టీకా పిల్లల దాకా పోకుండా ముందే ఆగిపోవాలంటే ఇంతకన్నా దారేదండీ?

భద్రాద్రి కుర్రాడు:
సైన్స్ సరే, సంతకం ఎవరిదన్నది నా ప్రశ్న. మా ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనం గుర్తుందా? గిరిజన ఆడపిల్లల సమ్మతి పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో కేంద్రం ఆపేయించింది. అక్కడ గొడవ డబ్బు గురించి కాదు. 1940లలో ఇల్లినాయ్‌లోని స్టేట్‌విల్ జైల్లో ఖైదీలకు మలేరియా ఎక్కించారు, వాళ్లూ ఒప్పుకునే సంతకాలు పెట్టారట. జైల్లో ఉన్నవాడి ఒప్పుకోలుకు విలువెంత?

పిచ్చుకగూడు:
అంటే డబ్బివ్వొచ్చంటారా?

భద్రాద్రి కుర్రాడు:
ఇచ్చి తీరాలంటాను. కిలిఫిలో వాలంటీర్లను వారాల తరబడి ఒకేచోట ఉంచారు. కూలికెళ్లేవాడి ఇల్లు ఆ రోజుల్లో ఎలా గడవాలి? 1897లో సికింద్రాబాద్‌లో మలేరియాకీ దోమలకీ ఉన్న లింకు తేల్చిన రొనాల్డ్ రాస్ తన దోమలకు రక్తమిచ్చిన మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకు అణా చొప్పున ఇచ్చాడు. నోబెల్ మాత్రం రాస్‌కొచ్చింది లెండి. డబ్బు కన్నా నాకు ముఖ్యం, మధ్యలో వద్దనుకుంటే ఆ మాట చెప్పగలగడం. అప్పటిదాకా ఉన్న రోజుల డబ్బు కోయకూడదు.

ల్యాబ్‌కోటు:
అందులో చిక్కుంది. దోమ కుట్టాక ‘నేను పోతా’ అంటే ఆపలేం, కానీ మందు వేయకుండా పంపిస్తే ప్రాణం మీదికొస్తుంది. ఈ సంగతి సంతకానికి ముందే, వాళ్ల భాషలో చెప్పాలి. మన దగ్గర ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2023లో ఇలాంటి అధ్యయనాల మీద విధాన ముసాయిదా తెచ్చింది.

పిచ్చుకగూడు:
రోజుకూలీకి సమానంగా ఇస్తే నాకూ అభ్యంతరం లేదండీ. నెలల సంపాదన ఒకేసారి చూపిస్తేనే తేడా.

భద్రాద్రి కుర్రాడు:
తక్కువిస్తే దోపిడీ అంటాం, ఎక్కువిస్తే ఎర అంటాం. ఎంతివ్వాలో మనలో మనం తేల్చుకోవడం దేనికి, దోమకు చేయి చాచేవాళ్లను అడిగితే పోలా?