మందు మానేసిన వాళ్లకు కాలనీలో ఇల్లు: ఎందుకు వద్దంటారు?

అవిలాల అన్న:
డీ అడిక్షన్ సెంటర్ నుంచి బయటికొచ్చినోడు నేరుగా పాత గదికే పోతాడు. కింద వైన్ షాపు, చుట్టూ పాత జతగాళ్లు. వారం తిరక్కుండా మళ్లీ మొదలు. అందుకే అవిలాల పక్క ఒక ఇల్లు బాడుగకు తీసుకొని, మానేసిన ఎనిమిది మందిని కలిపి ఉంచాలని మేం నలుగురం అనుకుంటా ఉండాం. బాడుగ, సరుకులు సమానంగా వేసుకుంటారు. వంట వంతులవారీగా. పగలు పనికి పోవాల, సాయంత్రం ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగు, అంటే మానేసినోళ్లు కలిసి కూర్చొని మాట్లాడుకొనేది. తాగినోడు ఆ రాత్రే ఖాళీ చెయ్యాల. అమెరికాలో మేరీల్యాండ్‌లో 1975లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లో ఇదే పద్ధతి. ఓనరు ఒప్పుకున్నాడు, వీధిలో వాళ్లు వద్దంటా ఉండారు. మీరేమంటారు?

కొర్లగుంట 77:
పర్మిషన్ ఉందా?

అవిలాల అన్న:
ఇది ఆసుపత్రి కాదన్నా. డాక్టరు ఉండడు, వైద్యం చెయ్యం.

కొర్లగుంట 77:
2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మందు, మత్తు వల్ల వచ్చే మానసిక సమస్యల్ని కూడా దాని కిందికే తెచ్చింది. అట్లాంటి మనుషుల్ని చేర్చుకొని చూసుకొనే చోటికి రిజిస్ట్రేషన్ ఉండాల. నువ్వు చేర్చుకుంటా ఉండావు కదా?

పీలేరు సిస్టర్:
ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, మతి తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆసుపత్రిలో ఆ దశ దాటాకే ఇంట్లో చేర్చుకోండి. దారి తెలియని వాళ్లు ప్రభుత్వ డీ అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయొచ్చు.

చంద్రగిరి మాస్టారు:
ఎనిమిది మంది మగవాళ్లు ఒకే ఇంట్లో అంటే ఆ వీధిలో ఆడపిల్లలు ఎలా తిరగాలి? ఊరి బయట పెట్టుకోండి.

అవిలాల అన్న:
ఊరి బయట పెడితే పనికెట్ల పోతారు సార్? రోజూ తాగొచ్చే వాళ్లను మీ వీధిలో ఎవరూ ఖాళీ చెయ్యమనరు. మానేసినోళ్లకే ఇల్లు దొరకదు.

కొర్లగుంట 77:
రిజిస్ట్రేషన్ సంగతి చెప్పు.

అవిలాల అన్న:
పైవాళ్లకు రాసి అడుగుతాం, కావాలంటే చేయిస్తాం. ఒక్క కాగితం పట్టుకొని వేలాడతా ఉండావు. మీ ఇంట్లో తాగేవాళ్లు లేరు కాబట్టి నీకు ఇది ఆట.

కొర్లగుంట 77:
మాట జాగ్రత్త. నా తమ్ముణ్ణి ఒక ప్రైవేటు సెంటర్లో చేర్చినాం. డబ్బు ముందే కట్టించుకున్నారు. లోపల తాగినాడని రాత్రిపూట గేటు బయటికి నెట్టినారు. ఇంటికి ఒక్క ఫోన్ లేదు. తెల్లారి రోడ్డు పక్కన శవమై దొరికినాడు. కేసు పెడదామని పోతే ఆ సెంటరు ఎవరిదో చెప్పే కాగితమే లేదు. ‘ఆ రాత్రే ఖాళీ చెయ్యాల’ అని నువ్వు రాసినావే, నాకు అక్కడే కడుపు రగిలింది. తాగితే ఇంటోళ్లకు అప్పజెప్పాల, అంతే.

ఎమ్మార్‌పల్లి అక్క:
మీ తమ్ముడికి జరిగింది ఘోరం అన్నా. కానీ ఇంటికి పంపితే ఆ రాత్రి తలుపు తెరిచేది నేను. పిల్లోళ్లను పక్కింట్లో పడుకోబెట్టి, ఆయన తిట్లు, దెబ్బలు నేను పడినా. ఫోన్ చేస్తే నేను రాను. అప్పుడేం చేస్తారు?

కొర్లగుంట 77:
కట్టుకున్నోడిని అట్ల వదిలేస్తారా అమ్మా?

ఎమ్మార్‌పల్లి అక్క:
వదల్లేదు కాబట్టే చెప్తా ఉండా. మా అత్త పింఛను కూడా తాగేసినాడు. ఇప్పుడు మానినాడు, సంతోషం. మళ్లీ తాగితే ఆ భారం నా ఇంటికే ఎందుకు రావాల?

అవిలాల అన్న:
అన్నా, నీ తమ్ముడి సంగతి తెలీక అన్న మాట అది, మనసులో పెట్టుకోవద్దు. ఒకడు తాగొచ్చి పడుకుంటే మిగతా ఏడుగురికీ ఆ వాసనే చాలు. ఖాళీ చెయ్యాల్సిందే, ఆ నియమం మార్చను. కానీ రోడ్డు మీదికి కాదు. మనలో ఒకడు తోడుండి ఆసుపత్రికి తీసుకుపోవాల.

పీలేరు సిస్టర్:
దెబ్బో ఫిట్సో లేకుండా తాగాడని మాత్రమే తీసుకొస్తే చాలాసార్లు తిప్పి పంపేస్తారు. ఒక రాత్రికి విడిగా గది, పక్కన ఒక మనిషి ఉండాలి.

చంద్రగిరి మాస్టారు:
నేనడిగినదానికి ఎవరూ జవాబివ్వలేదు.

ఎమ్మార్‌పల్లి అక్క:
ఆ గది బాడుగలో నా వంతు ఇస్తా. ఇంటికి మాత్రం పంపకండి.

అవిలాల అన్న:
మేడ మీద గది ఖాళీగా ఉంది, ఓనరును అడుగుతా.

కొర్లగుంట 77:
ఏమన్నాడో ఇక్కడే రాయి. రిజిస్ట్రేషన్‌కు ఏం జవాబొచ్చిందో కూడా.