తొట్టిలోని ఈ తెల్లపూల నీటిమొక్క గింజ ఎందుకు కట్టడం లేదు?

అందరికీ నమస్కారం. మా డాబా మీద సిమెంటు తొట్టిలో ఒక నీటిమొక్క ఉంది. పిన్ని వాళ్ల ఊరి చెరువులోంచి తెచ్చాం. ఆకు అచ్చం కలువాకులా గుండ్రంగా, తొడిమ దగ్గర చీలి, నీటి మీద తేలుతుంది. పువ్వు మాత్రం కలువ కాదు. చిన్నది, ఐదు తెల్ల రేకులు, మధ్యలో పసుపు, రేకుల మీదంతా దూది అంటించినట్టు నూగు. పొద్దున విచ్చి సాయంత్రానికే వాడిపోతుంది. పూలకాడలు కూడా వింతగా ఆకుకి కాస్త కిందనుంచే గుత్తిగా వస్తాయి.

వెతికితే మెన్యాంథేసీ కుటుంబంలోని నింఫాయిడిస్ అని తేలింది. కలువకి దీనికి చుట్టరికం లేదట, బంతి, పొద్దుతిరుగుడు ఉండే ఆస్టరేల్స్ క్రమంలోదట! నా అనుమానం నింఫాయిడిస్ ఇండికా అని. నింఫాయిడిస్ క్రిస్టాటా అనే ఇంకో జాతి అయితే రేకు నడుమ నిలువుగా ఒక మడత లేచి ఉండాలి, ఇందులో అది లేదు. సరేనా?

అసలు సందేహం ఇది. ఇండికాలో కొన్ని మొక్కల పూలకి కీలం (పువ్వు నడుమ, గింజ కట్టే భాగం మీద ఉండే సన్నటి కాడ) పొడుగు, కొన్నింటికి పొట్టి అని, రెండు రకాలూ దగ్గర్లో ఉంటేనే గింజ బాగా కడుతుందని చదివాను. మా తొట్టినిండా ఒకే మొక్క పిలకలు, అన్నిటికీ కీలం కేసరాల (పుప్పొడి ఉండే కాడల) కన్నా పైకే ఉంది. గింజ కట్టకపోవడానికి కారణం ఇదేనా, లేక డాబా మీదికి తేనెటీగలు రాకనా? పెంచినవాళ్లుంటే చెప్పండి. ఇదే తొట్టిలో తామర దుంప పెడితే రెండూ బతుకుతాయా?